ముసురు దేశానికి పెట్టె సర్దేముందు

సంపాదకుల వారికి నమస్కారం.

సెప్టెంబరులో మొదలయ్యే చదువుల కోసం మన తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఐర్లండ్ వెళ్లే పిల్లలు ఇప్పుడు పెట్టెలు సర్దే హడావిడిలో ఉంటారు. వాళ్ల చేతికి అందే సామాన్ల చీటీ చాలాచోట్ల ఒక్కటే. కెనడాకు పోయేవాళ్లకూ అదే, డబ్లిన్‌కు పోయేవాళ్లకూ అదే. లావుపాటి కోటు, నాలుగు జతల థర్మల్స్, మంకీ క్యాప్, రగ్గు, పది కిలోల బియ్యం. అది పట్టుకుని ఇంటిల్లిపాదీ గాంధీ రోడ్డంతా తిరిగి వేలకు వేలు పోసి కొంటారు. అక్కడ దిగాక ఆ కోటు బీరువాలోంచి బయటికే రాదు. రోజూ ఒంటిమీద ఉండాల్సిన వాన జాకెట్ మాత్రం పెట్టెలో ఉండదు. మీ చదువుల పేజీ చూసే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు అక్కడి వాతావరణం సంగతి. డబ్లిన్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, తిరుపతి పదమూడున్నర మీద. పటంలో అంత పైన కనబడేసరికి అది గడ్డకట్టే దేశమని అనుకుంటాం. అట్లాంటిక్ సముద్రంలో దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల అక్కడ అంత చలి ఉండదు. డబ్లిన్‌లో జనవరి పగలు సుమారు 8 డిగ్రీలు, రాత్రి 2, 3 డిగ్రీలు. జులైలో పగలు 19, 20. మంచు ఏడాదిలో కొద్ది రోజులు పడితే పడుతుంది, లేకపోతే లేదు.

వాన లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. డబ్లిన్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 750 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన తిరుపతి కన్నా తక్కువే. తేడా అంతా కురిసే తీరులో ఉంది. 2021 నవంబరులో తిరుపతిలో వీధులు ఏరులై పారడం అందరికీ గుర్తే. మన వాన కొన్ని గంటల్లో కుమ్మరించి పోతుంది. అక్కడ అదే నీరు తూర్పు తీరంలో 150 రోజులకు, గాల్వే లాంటి పడమటి ప్రాంతాల్లో 225 రోజుల దాకా పంచుకుని పడుతుంది. మామూలుగా గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లు మించదు, కానీ ఆగదు. దీనికి మన భాషలో చక్కటి మాట ఉంది: ముసురు. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుమల కొండమీద పొగమంచులో నడిస్తే వాన పడకపోయినా భుజాలు తడుస్తాయి కదా, దానికి ఈదురుగాలి కలిపి చూసుకోండి. అక్కడ పిల్లల్ని వణికించేది 5 డిగ్రీల చలి కాదు, ఆ చలిలో ఒంటికి అంటుకుపోయిన తడి బట్ట. కాబట్టి పెట్టెలో పెట్టే ప్రతి గుడ్డకూ రెండే పరీక్షలు పెట్టండి. తడవకుండా కాపాడుతుందా, తడిస్తే తెల్లారేసరికి ఆరుతుందా?

అన్నిటికన్నా ముందు కొనాల్సింది వాన జాకెట్. డబ్బు పెట్టాల్సిందీ, మోసపోయేదీ ఇక్కడే. 'వాటర్ రెసిస్టెంట్' అని రాసి ఉంటే చినుకులకు పావుగంట ఆగుతుంది, అంతే. 'వాటర్‌ప్రూఫ్' అని ఉండాలి, పక్కన 10,000 మిల్లీమీటర్లు అని గానీ అంతకన్నా ఎక్కువ గానీ అంకె ఉండాలి. ఆ గుడ్డ మీద పది మీటర్ల ఎత్తు నీటిస్తంభం నిలిపినా కారదని దాని అర్థం. ఒట్టి వానకు అంత అక్కర్లేదు. కానీ లాప్‌టాప్ సంచి పట్టీలు భుజాల మీద నొక్కుకునే చోట నీరు ఒత్తిడితో లోపలికి దిగుతుంది, అక్కడ ఆ అంకె పనికొస్తుంది. రెండో అంకె ఉంటే అది లోపలి చెమట ఆవిరి ఎంత బయటికి పోతుందో చెబుతుంది. మన బైకుల మీద వేసుకునే ప్లాస్టిక్ రెయిన్‌కోటు వాననైతే ఆపుతుంది గానీ ఆవిరిని పోనివ్వదు. పావుగంట నడిస్తే లోపలి చొక్కా చెమటకే తడిసిపోతుంది. అది తీసుకుపోవద్దు.

అంగట్లోనే జాకెట్‌ను తిరగేసి చూడండి. భుజాల కుట్లు, టోపీ కుట్లు, చంకల కింది కుట్ల వెంబడి లోపలివైపు వేలెడు వెడల్పు టేపు అతికించి ఉండాలి. గుడ్డ ఎంత గట్టిదైనా సూది గుచ్చిన ప్రతి చోటా ఒక బెజ్జమే. టేపు లేకపోతే మొదట భుజం తడుస్తుంది, తర్వాత మెడ. జిప్పు మీద నీరు జారిపోయేలా గుడ్డ రెప్ప ఉండాలి. టోపీకి ముందువైపు చిన్న చూరు, బిగించుకునే తాడు ఉండాలి, లేకపోతే మొదటి గాలికే వెనక్కి పడిపోతుంది. మణికట్టు దగ్గర వెల్క్రో పట్టీ, పొడవు పిరుదుల కిందికి. లోపల ఫ్లీస్ (స్వెటరులా వేసుకునే మెత్తటి సింథటిక్ చొక్కా) వేసుకోవడానికి చోటుండాలి కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవడం మంచిది. నలుపు వద్దు. డిసెంబరులో డబ్లిన్‌లో సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గూకుతుంది, ఉదయం ఎనిమిదిన్నర దాటితేగాని సూర్యుడు రాడు. రోడ్డు దాటే పిల్ల బస్సు డ్రైవరుకు కనబడాలి. లేత రంగు, వీలైతే వెలుగు పడితే మెరిసే పట్టీ ఉన్నది చూడండి.

ఇంటికి తెచ్చాక బిల్లు పారేయకుండా ఒక పరీక్ష చేయండి. బకెట్ మీద జాకెట్ భుజం భాగం పరిచి మధ్యలో గుంటలా నొక్కండి. అందులో గ్లాసుడు నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. పైన నీరు తామరాకు మీద బొట్టులా దొర్లితే బయటి పూత బాగున్నట్టు. అసలు పరీక్ష కిందివైపు. పాత న్యూస్‌పేపరు ముక్కతో గుడ్డ అడుగున, కుట్టు వెంబడి అద్దండి. కాగితం తడిస్తే ఆ జాకెట్ తిరిగి ఇచ్చేయండి.

ఆ బయటి పూత కొన్ని నెలలకు అరుగుతుంది. అప్పుడు నీరు దొర్లకుండా గుడ్డ పైపొరలో ఇంకి జాకెట్ బరువెక్కుతుంది, ఒంటికి చల్లగా తగులుతుంది. జాకెట్ పాడైందని పారేయనక్కర్లేదు. ఉతికేటప్పుడు కండిషనర్ పోయకూడదు, దాని జిడ్డు పూతను చంపేస్తుంది. లేబుల్ మీద అనుమతి ఉంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడిమీద ఇరవై నిమిషాలు తిప్పితే పూత మళ్లీ లేస్తుంది.

దీనికి తోడుగా మూడు వందల గ్రాములుండే వాన ప్యాంటు ఒకటి. బస్‌స్టాపు నుంచి కాలేజీకి పదిహేను నిమిషాలు నడిస్తే జాకెట్ మీంచి జారిన నీరంతా తొడల మీదికే వస్తుంది. జీన్స్ తడిస్తే అక్కడి గదిలో రెండు రోజులకు గానీ ఆరదు. అందుకే జీన్స్ రెండు చాలు, త్వరగా ఆరే సింథటిక్ ప్యాంట్లు మూడు పెట్టుకోండి. ఆడపిల్లలు పాదాల దాకా జీరాడే పలాజోలు, వెడల్పు ప్యాంట్లు ఎక్కువ పెట్టుకుంటారు. పేవ్‌మెంట్ మీది నీరు అంచు పట్టుకుని దీపం వత్తిలా మోకాలి దాకా ఎక్కుతుంది. చీలమండ పైకి ఉండేవే హాయి.

లోపలి బట్టల సంగతి. ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పలుచటి పొరలు మేలు. అక్కడ బయట 6 డిగ్రీలుంటే క్లాసు గదిలో, బస్సులో, లైబ్రరీలో హీటర్లు వేసి 20 డిగ్రీల దాకా ఉంచుతారు. కింద థర్మల్, పైన పెద్ద కోటు వేసుకున్న పిల్లవాడు లోపలికి రాగానే చెమటలు కక్కుతాడు. బయటికొస్తే ఆ చెమటే చలి పుట్టిస్తుంది. పలుచటి టీషర్టు, దానిమీద ఫ్లీస్, దానిమీద వాన జాకెట్. వేడనిపిస్తే ఒక్కోటి తీసేయవచ్చు. టీషర్టులు ఆరు, ఫ్లీసులు రెండు, థర్మల్స్ రెండు జతలు, లోదుస్తులు పది పన్నెండు, మేజోళ్లు పది జతలు. మేజోళ్లు ఎక్కువ ఎందుకంటే రోజులో ఒకసారి మార్చుకోవాల్సి రావచ్చు, సంచిలో ఎప్పుడూ ఒక పొడి జత ఉండాలి. బాతు ఈకలు నింపిన జాకెట్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ ఈకలు తడిస్తే ఉండకట్టి వెచ్చదనం పోతుంది. ముసురు దేశానికి అవి సరిపడవు. ఇంకా చలికోటు కావాలనిపిస్తే నవంబరులో అక్కడే పెన్నీస్ లాంటి చవక దుకాణాల్లో, పాత బట్టలమ్మే చారిటీ షాపుల్లో చూసుకోవచ్చు. సెప్టెంబరులో దిగేసరికి పగలు 17, 18 డిగ్రీలే కాబట్టి రెండు నెలల వ్యవధి ఉంది.

బూట్లు రెండు జతలు తప్పనిసరి. తడిసిన బూటు ఆరడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది, తడి బూటే మళ్లీ వేసుకుంటే పాదాలు నాని వేళ్ల సందుల్లో పాచిపోతాయి. ఒక జత వాటర్‌ప్రూఫ్, అడుగున లోతైన గాళ్లున్న రబ్బరు. రాలిన ఆకులు తడిసి జిగురెక్కిన పేవ్‌మెంట్ మీద నున్నటి అడుగు జారుతుంది. జల్లెడలా ఉండే రన్నింగ్ షూ రెండో జతగా సరే, మొదటి జతగా వద్దు. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు నుంచే కొత్త బూట్లు ఇక్కడ వేసుకుని తిరగాలి. బొబ్బలెక్కే చోటేదో అప్పుడే తెలుస్తుంది. తడిసినవాటిలో కాగితాలు ఉండలు చుట్టి కూరి, రెండు గంటలకోసారి మార్చాలి. హీటరు మీద పెడితే అతుకు జిగురు ఊడుతుంది. తోలు చెప్పులు, తోలు బెల్టులు బూజు పడతాయి, ఒకటి మించి వద్దు.

గొడుగు గురించి రెండు మాటలు చాలు. గాలికి తిరగబడి పుల్లలు విరుగుతాయి, దాన్నే నమ్ముకోకూడదు. చిన్న మడత గొడుగు ఒకటి పెట్టుకోండి. 2025 జనవరి 24న ఇయోవిన్ తుపాను వచ్చినప్పుడు గాల్వే వైపు మేస్ హెడ్‌లో గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి నమోదైంది, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అక్కడి వాతావరణ సంస్థ మెట్ ఏరన్ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. ఎరుపంటే గది దాటకూడదు. అలాంటి రోజు కోసం చిన్న టార్చి, పవర్‌బ్యాంకు ఉండాలి.

లాప్‌టాప్ సంచికి గొడుగులా తొడిగే కవరు వంద గ్రాములుండదు, తప్పక కొనండి. అది ఉన్నా వీపువైపు నుంచి నీరు దిగుతుంది. అందుకే లాప్‌టాప్‌ను, కాగితాలను లోపల విడిగా జిప్ కవర్లలో పెట్టుకోవాలి.

అందరూ మరిచిపోయేది బట్టలు ఆరేయడం. మనకు మిద్దె మీద తీగ ఉంది, రెండు గంటల్లో ఎండ పీల్చేస్తుంది. అక్కడ గదిలోనే స్టాండు మీద ఆరేయాలి. ఒక విడత ఉతికిన బట్టల్లో మిషన్ పిండాక కూడా లీటరుకు మించి నీరుంటుంది. అదంతా గది గాలిలోకే పోతుంది. కిటికీ అద్దం మీద, చల్లటి గోడ మీద చెమటలా పట్టి, మంచం వెనక, పెట్టె వెనక నల్ల బూజవుతుంది. బట్టలేమో ముక్కిపోయిన వాసన వస్తాయి. కాబట్టి మిషన్‌లో పిండే వేగం 1200 పైన పెట్టి, అయ్యాక ఇంకోసారి ఒట్టిగా పిండించాలి. బట్టకూ బట్టకూ మధ్య జానెడు ఎడం ఉంచి, కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఉంచాలి. హీటరు మీద నేరుగా ఆరేయకూడదు. పెట్టెను బయటిగోడకు ఆనించకూడదు. మెత్తటి లావు టర్కీ టవళ్లు రెండు రోజులైనా ఆరవు, వాటి బదులు మన నగరి, పుత్తూరు వైపు నేసే పలుచటి తువ్వాళ్లు నాలుగు పెట్టండి. పట్టు బట్టలు పండగకు ఒక్కటి చాలు, పాత నూలు గుడ్డలో చుట్టి తేమ పీల్చే పొట్లాలు రెండు వేయాలి. రగ్గు అసలే వద్దు, మూడు కిలోలు తింటుంది, ఉతికితే ఆరదు. ఒక దుప్పటి, ఒక దిండు గలీబు తీసుకుపోయి, కప్పుకునే మెత్తటి బొంత (డూవే) అక్కడే కొనుక్కోవాలి.

కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడుతుంది. అక్కడ గదిలో ఏడాదిలో ఎక్కువ భాగం అది గడ్డే. సన్నమూతి సీసాలోంచి చుక్క రాదు. వెడల్పు మూతి డబ్బాలో పెట్టండి, వేలితో తీసుకోవచ్చు.

ఇక తిండి. ఐర్లండ్ నగరాల్లో మన సరుకుల అంగళ్లు ఉన్నాయి. బియ్యం, కందిపప్పు, చింతపండు అక్కడే దొరుకుతాయి, వాటికి బరువు తగలేయకండి. ఇంటి చేతివాటం ఉన్నవే పెట్టండి: కందిపొడి, కరివేపాకు పొడి, వేరుశనగ పొడి, కారం, ఊరగాయ. సంగటి లేకుండా ఉండలేని పిల్లలకు రాగిపిండి రెండు కిలోలు, తేమ తగిలితే గడ్డలు కడుతుంది గనుక అరకిలో పొట్లాలుగా. పాలు, మాంసంతో చేసినవి భారతదేశం నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి రానివ్వరు. అంటే నెయ్యి, పాలకోవా, పాలపొడి, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తీసుకుపోతే కస్టమ్స్‌లో పారేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. అనాస, అరటి, కొబ్బరికాయ, ఖర్జూరం, డూరియన్ ఈ ఐదింటికే ఆ పత్రం అక్కర్లేదు. ఎండు కొబ్బరిని మాత్రం విమానంలోకే ఎక్కనివ్వరు, నూనె వల్ల దానికదే నిప్పంటుకునే సరుకని లెక్క. స్వామివారి లడ్డూ ఇవ్వకుండా ఏ తల్లీ పంపదు. చిన్నది ఒకటి పెట్టి, దిగాక కస్టమ్స్ వారికి ముందే చూపించమనండి, వద్దంటే వాదించకుండా ఇచ్చేయమనండి. దుబాయి మీదుగా పోయే టికెట్టయితే గసగసాలు, అవి కలిపిన మసాలా ఏ సంచిలోనూ ఉండకూడదు. అక్కడ అవి నిషేధం.

ఊరగాయ కారడానికి కారణం మూత బిగించకపోవడమే కాదు. విమానం పైకి లేచాక లోపలి గాలి ఒత్తిడి నేలమీది కన్నా తగ్గుతుంది. డబ్బాలో మిగిలిన గాలి మూడో వంతు దాకా ఉబ్బి నూనెను మూతలోంచి బయటికి నెడుతుంది. సీసా, స్టీలు డబ్బా రెండూ ఇలాగే కారతాయి. మందపాటి కవరులో ముప్పావు దాకా నింపి, చేత్తో గాలంతా ఒత్తి తీసి, వేడితో అతికించాలి. నూనె మరకున్న చోట అతుకు పట్టదు, ముందు పొడిగుడ్డతో మూతి తుడవాలి. దానిపైన ఇంకో కవరు, దానిపైన కాగితం చుట్టి, మూడోది జిప్ కవరు. అరకిలో మించిన పొట్లం వద్దు. పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టాలి. చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీయించేస్తారు.

కుక్కర్ మూడు లీటర్లది, స్టీలుది. చాలా వసతి గృహాల్లో కరెంటు పొయ్యిలే, కొన్నిచోట్ల ఇండక్షన్. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి కుక్కర్ అడుగున పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటేనే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. మామూలు అల్యూమినియానికి అంటుకోదు. గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా వేయండి. అక్కడి కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గే వేరు, మూడూ పలకల కాళ్లు. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, అడాప్టర్లు రెండు చాలు. మన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఫోను, లాప్‌టాప్ వరకే. ఆరు ఆంపియర్ల బోర్డు 1,380 వాట్లకు మించి మోయదు, రెండు వేల వాట్ల కెటిల్ తగిలిస్తే కాలిపోతుంది. రైస్ కుక్కర్ కొనేముందు హాస్టలు వాళ్లు ఒప్పుకుంటారో లేదో రాసి అడగాలి.

మందులు డాక్టరు చీటీతో, కంపెనీ పొట్లంతోనే. చీటీ మీద మందు అసలు పేరు ఇంగ్లీషులో రాయించుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ మాత్రలు గల్ఫ్ విమానాశ్రయాల్లో పెద్ద చిక్కు తెస్తాయి. కళ్లజోళ్లు రెండు.

పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే, 100 వాట్ అవర్స్ లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ లోపు. చేతిసంచిలోనే ఒక జత బట్టలు, మూడు రోజుల మందులు, ఒక అడాప్టర్, అసలు కాగితాలు ఉండాలి. విమానం మారేచోట పెద్ద పెట్టె వెనకబడితే రెండు రోజులకు వస్తుంది. పెట్టె ఏదైనా 32 కిలోలు దాటితే తీసుకోరు, టికెట్టు మీది పరిమితి అంతకన్నా తక్కువ ఉండొచ్చు. బరువైన బూట్లు కాళ్లకే వేసుకుని, వాన జాకెట్ చేతిమీద వేసుకుంటే రెండు కిలోలు కలిసొస్తాయి. చెన్నై ఎండలో కాస్త ఇబ్బందే, కానీ డబ్లిన్‌లో దిగి బయటికొచ్చిన నిమిషంలోనే ఆ జాకెట్ అవసరం పడవచ్చు.

జూన్, జులై నెలల్లో మీ చదువుల పేజీలో దేశం పేరు కాకుండా వాతావరణాన్ని బట్టి సామాన్ల జాబితాలు వేయవలసిందిగా కోరుతున్నాం: మంచు కురిసేచోటికి ఒకటి, ముసురు పట్టేచోటికి ఒకటి. కన్సల్టెన్సీల వారు కూడా ఒకే జిరాక్సు అందరికీ పంచడం మానాలి. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి మామూలు విండ్‌చీటర్ అంటగట్టే దుకాణాల వారు కొనేవాళ్లకు కుట్ల టేపు తిరగేసి చూపించాలి.

ఇట్లు,
ఐర్లండ్‌లో చదివి వచ్చిన కొందరు పాఠకులు,
తిరుపతి